చెరువు కట్ట మీద 1600 మీటర్లు

ఫోన్‌లో ఇబ్రహీంపట్నం అని కొడితే మ్యాప్ మూడు చోట్ల చూపిస్తుంది. ఒకటి విజయవాడ పక్కన, కొండపల్లి దగ్గర. ఇంకోటి జగిత్యాల జిల్లాలో. మూడోది మాది. రంగారెడ్డి జిల్లా, నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద. ఎల్‌బీనగర్ నుంచి బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగ్లూర్ గేట్, మంగళ్‌పల్లి, శేరిగూడ దాటితే వచ్చేస్తుంది. 277 నంబర్ బస్సు ఎక్కితే చాలు. ఊరి పేరులోనే పట్నం ఉన్నా, మా ఇంట్లో ఎవరైనా 'పట్నం పోతున్న' అన్నారంటే హైదరాబాద్ పోతున్నారనే అర్థం.

చాలామందికి ఇది దాటిపోయే ఊరే. దేవరకొండ పోయేవాళ్లు, సాగర్ డ్యామ్ గేట్లు ఎత్తారని సెల్ఫీలకు పోయేవాళ్లు బస్టాండ్ దగ్గర టీ తాగి వెళ్లిపోతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్న నేను కూడా దీన్ని బైక్ మీద దాటేస్తూనే బతికాను. పోయినేడాది ఫిబ్రవరిలో నా కుడి మడమ వెనక తాడు తెగింది. ఆ తర్వాత పది నెలలు మా ఊళ్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరిగాను. ఇది ఆ తిరుగుడు గురించి.

ముందు తెగిన రోజు సంగతి చెప్తాను.

నేను కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. 2022 నోటిఫికేషన్‌లో ఈవెంట్స్ గట్టెక్కి, ఫైనల్ రాత పరీక్షలో పోయింది. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడినా రెడీగా ఉండాలని పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌కి పోయేవాళ్లం, నలుగురం ఫ్రెండ్స్. పోయినసారి మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. పరుగులో నా బెస్ట్ 6 నిమిషాల 40 సెకన్లు. ఆ గర్వం కొంచెం ఎక్కువే ఉండేది.

అయితే దానికి ముందు మూడు నెలలు గ్రౌండ్ మొహం చూడలేదు. మొబైల్ షాపులో పని, అక్క పెళ్లి, ఆపైన వారం రోజులు విరేచనాలు. తేరుకున్నాక ఒకేసారి అంతా రాబట్టాలని రోజూ పరుగు, రోజూ జంప్ మొదలుపెట్టాను. ఆరో రోజు చలిలో సరిగ్గా వార్మప్ కూడా చెయ్యకుండా లాంగ్ జంప్‌కి ఉరికాను. పలక మీద కాలు మోపగానే వెనకనుంచి 'టప్' అని సౌండ్. ఎవడో మడమ మీద తన్నాడనుకున్నాను.

"ఎవడ్రా తన్నింది?" అని వెనక్కి తిరిగాను. ఎవడూ లేడు. దగ్గర్లో ఉన్నవాడు ఇరవై అడుగుల అవతల షూ లేసు కట్టుకుంటున్నాడు.

తర్వాత తెలిసింది, ఈ దెబ్బ తగిలినవాళ్లలో చాలామంది సరిగ్గా ఇదే మాట అంటారట. ఎవరో తన్నారనో, రాయి విసిరారనో వెనక్కి చూస్తారట.

విచిత్రం ఏంటంటే, కాసేపటికే నొప్పి తగ్గింది. కుంటుకుంటూ బైక్ దాకా నడిచాను. నడవగలిగాను కాబట్టి ఏమీ కాలేదనుకున్నాను. దగ్గర్లో ఉన్న ఓ క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి "ఎముక బాగుంది, బెణికింది" అని మాత్రలు, క్రేప్ బ్యాండేజ్ ఇచ్చి పంపారు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. తెగిన తాడు అందులో కనబడదు. ఇంటికొస్తే మా నాయినమ్మ ఆవనూనె వేడిచేసి పెట్టింది. నాలుగు రోజులు రాశాం. పిక్క కింద, మడమకి నాలుగు వేళ్ల పైన, వేలు పెడితే లోపలికి దిగిపోయే గుంట ఉంది. వాపు అనుకుని దాని మీద కూడా రుద్దాం.

అయిదో రోజు మెట్లు ఎక్కుతుంటే కాలు పైకి లేపలేకపోయాను. అప్పుడు మా నాయిన అన్నాడు, "ఇది బెణుకుడు కాదు బిడ్డా, పట్నం పోదాం పా." ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. క్లచ్ తొక్కీ తొక్కీ కాళ్ల నొప్పుల్లో ఏది ఏదో ఆయనకు తెలుసు.

హైదరాబాద్‌లో ఆర్థోపెడిక్ డాక్టర్ నన్ను బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల చివర వేలాడేట్టు పెట్టాడు. ఎడమ పిక్కని చేత్తో నొక్కాడు. పాదం ముందుకి కదిలింది. కుడి పిక్కని నొక్కాడు. ఏమీ కదలలేదు, గోడకి తగిలించిన చొక్కాలా అలాగే ఉంది. స్కానింగ్ తర్వాతే తీసుకున్నాం కానీ, ఆయనకి సంగతి ఆ పది సెకన్లలోనే తెలిసిపోయింది. దీన్ని థాంప్సన్ టెస్ట్ అంటారు. మీకెప్పుడైనా వెనక నుంచి 'టప్' అని సౌండ్ వస్తే, ఎక్స్‌రే చూసి ఊరుకోకుండా ఈ పరీక్ష చేయమని అడగండి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా పర్లేదు.

తెగింది అకిలిస్ టెండన్. పిక్క కండరాల్ని మడమ ఎముకకి కట్టే స్నాయువు. ఒంట్లో అన్నిటికన్నా మందమైన తాడు ఇదే. పరుగెత్తేటప్పుడు మన బరువుకి ఆరేడు రెట్లు మోస్తుంది. కానీ మడమ ఎముకకి రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన ఉన్న ముక్కకి రక్తం తక్కువగా అందుతుంది. ఎక్కువమందికి తెగేది అక్కడే. మరి నాలుగు రోజులు ఎలా నడిచానంటే, పాదాన్ని కిందికి నొక్కే చిన్న కండరాలు ఇంకొన్ని ఉంటాయి. అవి ఎలాగో నెట్టుకొచ్చాయి.

డాక్టర్ ఇంకో ప్రశ్న అడిగాడు. "ఈ మధ్య ఏమన్నా యాంటీబయాటిక్ వాడినవా?" విరేచనాలకి మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ కొనుక్కున్న సంగతి చెప్పాను. దానివల్లే తెగిందని ఆయన అనలేదు, అనలేరు కూడా. మూడు నెలలు కూర్చుని ఆరు రోజులు ఎగిరినవాడికి అదొక్కటే చాలు. కానీ ఆ రకం మందులతో టెండన్లు దెబ్బతినొచ్చని అమెరికాలో 2008 నుంచి డబ్బా మీద నల్ల గీతల బాక్స్‌లో హెచ్చరిక వేయిస్తున్నారట. మన దగ్గర దాన్ని జలుబు మాత్రలా అడిగి తెచ్చుకుంటాం.

పేరు సంగతి ఇంటికొచ్చాక నాయినమ్మకి చెప్పాను. గ్రీకుల వీరుడు అకిలిస్‌ని వాళ్లమ్మ మడమ పట్టుకుని నదిలో ముంచిందట, ఒళ్లంతా వజ్రం అయింది కానీ పట్టుకున్న మడమ మాత్రం తడవలేదట, చివరికి బాణం అక్కడే తగిలిందట అన్నాను. ఆమెకి కొత్తగా ఏమీ అనిపించలేదు. "మన కిట్టమూర్తి ఎట్ల పోయిండు? బోయోడు జింక అనుకొని కాలుకే కదా కొట్టింది. దేవుండ్లకే కాలు దగ్గర ఆగింది, నువ్వెంత" అంది.

ఆపరేషనా, బూటా? ఇక్కడ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. డాక్టర్ రెండు దారులూ ఉన్నాయన్నాడు. నార్వేలో అయిదు వందలమందికి పైగా పేషెంట్ల మీద చేసిన స్టడీ 2022లో వచ్చింది. ఆపరేషన్ చేసినవాళ్లు, చెయ్యకుండా బూటుతో నయం చేసుకున్నవాళ్లు ఏడాది తర్వాత నడకలో, పనిలో దాదాపు ఒకేలా ఉన్నారు. కానీ ఆపరేషన్ లేనివాళ్లలో 6.2 శాతం మందికి మళ్లీ తెగింది. ఆపరేషన్ అయినవాళ్లలో 0.6 శాతం. అటువైపు, ఆపరేషన్‌లో పాదం పక్కన నరం దెబ్బతినే రిస్క్ ఎక్కువ. మామూలు పనులు చేసుకునేవాడైతే బూటు చాలన్నాడు. "నువ్వు దూకాల్సినోడివి" అని ఆగాడు. నేను ఆపరేషన్ అన్నాను. ఇప్పటికీ నా చిటికెన వేలు వైపు పాదం అంచు మొద్దుబారి ఉంటుంది, చీమ కుట్టినా తెలీదు. ఒప్పుకున్న బేరమే, ఏడవను.

ఇంటికి పంపేటప్పుడు ఆయన చెప్పిన మాట ఒకటి ఈ పది నెలలూ నన్ను నడిపించింది. "అతుక్కోవడం అతుక్కుంటది. ఎంత పొడుగ్గా అతుక్కుంటదన్నదే సమస్య. తొందరపడి సాగదీస్తే, సాగిపోయిన ఎలాస్టిక్ లెక్క అయితది. నడుస్తవ్ గానీ ఉరకలేవు." అందుకే కట్టు కట్టేటప్పుడు కాలివేళ్లు కిందికి వంచి, బ్యాలే డాన్సర్‌లా పెట్టారు. రెండు వారాలకి కుట్లు తీశాక ఆస్ట్రోనాట్ బూటు లాంటిది తొడిగారు. లోపల మడమ కింద నాలుగు రబ్బరు ముక్కలు, ఒకదాని మీద ఒకటి. రెండు వారాల తర్వాత నుంచి వారానికి ఒకటి చొప్పున తీసేయాలి. ఆ ముక్కలే నా క్యాలెండర్.

ఇప్పుడు మా ఊరు చూద్దాం. మొదటి రెండు వారాలు నా ఇబ్రహీంపట్నం అంటే మా వరండా, అంతే. చంకకర్రలతో మంచం నుంచి అక్కడికి పదకొండు గంతులు.

సిటీలో ఫ్లాట్లో ఉన్నవాడికి ఈ జబ్బు వేరు, మాలాంటి ఇంట్లో ఉన్నవాడికి వేరు. మాది నేల మీద కూర్చుని తినే ఇల్లు, చెప్పులు బయట విడిచే ఇల్లు, నేల మీద గొంతుక్కూర్చునే లెట్రిన్ ఉన్న ఇల్లు. గొంతుక్కూర్చుంటే మడమ తాడు పూర్తిగా సాగుతుంది. డాక్టర్ మొదట నిషేధించింది దాన్నే. మా నాయిన ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంపంతో గుండ్రంగా కోసి, అంచులకి సైకిల్ ట్యూబ్ చుట్టి, లెట్రిన్ మీద పెట్టాడు. ఒకటిన్నర గంట పట్టింది. ఆ కుర్చీని చూసి నవ్వని చుట్టం లేడు, దాని కన్నా పనికొచ్చిన వస్తువూ లేదు.

రెండో గొడవ చెప్పులు. బూటు తీశాక కూడా నెలలపాటు ఇంట్లో ఉత్త కాళ్లతో నడవొద్దు, మడమ ఎత్తుగా ఉండాలి అన్నారు. అమ్మ దేవుడి గది ముందు నిలబడి "గీ చెప్పులతోని లోపటికి రాకు" అంటుంది. చివరికి బజార్లో కొత్త చెప్పులు కొని, పసుపు బొట్టు పెట్టి, 'ఇవి ఇంట్లోవి' అని ఒప్పందం చేసుకున్నాం.

మూడో గొడవ సలహాలు. వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "కాలు సాపి గుంజుతుండు, లేకుంటే అట్లనే బిగుసుకపోతది." మా మేనత్తయితే పాదం పట్టుకుని నిజంగానే గుంజబోయింది. నేను అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. మామూలుగా మర్యాద తప్పని పిల్లాణ్ని, ఆ రోజు అత్తని బయటికి పొమ్మన్నంత పని చేశాను. ఇప్పటికీ ఆమెకి ఆ కోపం ఉంది. కానీ గట్టిగా బిగిసిన తాడుని తర్వాత మెల్లగా వదులు చెయ్యొచ్చు, సాగిపోయినదాన్ని బిగించడం కష్టం. ఈ ఒక్క సంగతి అర్థం చేయించడం ఆపరేషన్ కన్నా కష్టమైంది.

ఏప్రిల్ 12. ఆ రోజు గుర్తుంది. ఉప్పల్‌లో సన్‌రైజర్స్, పంజాబ్ మ్యాచ్. నా కాలు రెండు దిండ్ల మీద. షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్ లేదు. ఫ్రెండ్స్ అందరూ వాట్సాప్‌లో తిట్లు. తర్వాత అభిషేక్ శర్మ 141 కొట్టి 246 టార్గెట్ లేపేశాక ఎవరికీ షమీ గుర్తులేడు. నేను మాత్రం ఆయన రనప్‌నే చూస్తూ కూర్చున్నాను. షమీకి 2024 ఫిబ్రవరిలో ఇదే టెండన్‌కి ఆపరేషన్ అయింది. నాలా తెగింది కాదు, కానీ అదే చోటు. 2023 నవంబర్ వరల్డ్ కప్ ఫైనల్ తర్వాత మళ్లీ ఇండియా జెర్సీ వేసుకున్నది 2025 జనవరిలో. పద్నాలుగు నెలలు, ప్రపంచంలో దొరికే అన్ని వసతులతో. మొబైల్ షాపు కుర్రాడు మూడు నెలల్లో లేచి ఉరకాలని ఎలా అనుకున్నాడు?

కోబీ బ్రయంట్‌కి తెగింది కూడా ఏప్రిల్ 12నే, 2013లో. తెగిన కాలితోనే నిలబడి రెండు ఫ్రీ త్రోలు వేసి, అప్పుడు లోపలికి నడిచాడు. ఆ వీడియో నేను ఓ యాభైసార్లు చూసుంటాను. చూసినప్పుడల్లా ధైర్యం వచ్చేది. వచ్చిన ధైర్యంతో ఏదో ఒక వెధవ పని చేయబోయేవాణ్ని. అందుకే చూడడం మానేశాను.

తొమ్మిదో వారంలో బూటు నుంచి షూకి మారాను. షూలో మడమ కింద చిన్న ముక్క. మా సందు చివర కిరాణా కొట్టు దాకా నడవడం ఆ వారం టార్గెట్. నూట నలభై అడుగులు. మూడో రోజు పోతుంటే ఆగి ఉన్న ట్రాలీ ఆటో కింద నుంచి కుక్క ఒకటి మీదికొచ్చింది. ఆలోచించకుండా కుడికాలి మీదే ఎగిరాను. వెనక చురుక్కుమంది.

కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాను. వేలు పెట్టి గుంట ఉందో లేదో చూసుకునే ధైర్యం లేదు. మళ్లీ తెగే ప్రమాదం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ అని చెప్పారు. ఇది తెగితే ఈసారి నోటిఫికేషన్ కాదు, పోలీస్ అన్న మాటే పోతుంది. వయసు ఆగదు కదా. నాయిన ఆటో మాట్లాడుకొచ్చాడు. శేరిగూడ నుంచి ఎల్‌బీనగర్ దాకా సాగర్ రోడ్డు మీద ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ఆ రోజు లెక్కపెట్టాను. ఇరవై దాకా వచ్చాక కళ్లు మూసుకున్నాను.

డాక్టర్ మళ్లీ బోర్లా పడుకోబెట్టాడు. పిక్క నొక్కాడు. నాకేం కనబడదు కదా. మా నాయిన గొంతు వినబడింది. "కదిలింది సార్. నేను చూసిన. కదిలింది."

ఆ తర్వాతే కట్ట దగ్గరికి పోవడం మొదలైంది. సందుల్లో కుక్కలు, బైకులు. కట్ట మీద పొద్దున్న ఎవరూ ఉండరు.

మా పెద్ద చెరువు సంగతి చెప్పాలి. గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది, ఊరికి పేరు కూడా ఆయనదే. 1550 నుంచి 1580 దాకా ఏలాడు. రాజు కాకముందు ఏడేళ్లపాటు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్నాడు, తెలుగు అక్కడే ఒంటబట్టింది. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. హుస్సేన్‌సాగర్ తవ్వింది కూడా ఆయన కాలంలోనే. తర్వాత 1565లో తళ్లికోట దగ్గర అదే రామరాయల మీద యుద్ధానికి వెళ్లాడు. ఆశ్రయమిచ్చినవాడి మీదికే. స్కూల్లో ఇవన్నీ చదివాను కానీ, కర్ర పట్టుకుని ఆ కట్ట మీద నిలబడేదాకా ఆ చెరువు ఎంత పెద్దదో నాకు తెలీదు. బైక్ మీద పోయేవాడికి అది రోడ్డు పక్కన మెరిసే నీళ్లు.

చిన్నప్పుడు నీళ్లు కూడా ఎక్కడివి? ఎండిన చెరువులో వికెట్లు పాతి ఆడేవాళ్లం. ఈ మధ్య మంచి వానలు పడిన ఏడాదుల్లో నిండింది. ఇప్పుడు పొద్దున్నే పోతే నీళ్ల మీద పొగలా మంచు. థర్మాకోల్ ముక్కల మీద కూర్చుని చేతులతో తెడ్డు వేసుకుంటూ వలలు తీసేవాళ్లు. తెల్ల కొంగలు. అవతల సాగర్ రోడ్డు మీద లారీ హారన్లు, ఇవతల చప్పుడు లేదు.

కట్ట మీద 400 మీటర్ల ముక్క ఫోన్‌తో కొలుచుకున్నాను. ఒక వేప చెట్టు నుంచి ఒక తెల్ల రాయి దాకా. మే నెలలో ఆ ముక్క నడవడానికి పదిహేను నిమిషాలు పట్టేది. కుడికాలు ముందుకి పడేది కానీ వెనకనుంచి నెట్టేది కాదు. చెక్క కాలు వేసుకున్నట్టు టక్కు టక్కుమని పడేది.

రోజూ అక్కడ ఒక తాత కనబడేవాడు. గాలమేసుకుని కూర్చునేవాడు, చేప పడ్డం నేనెప్పుడూ చూడలేదు. రెండు వారాలు నన్ను చూసీ చూసీ అడిగాడు.

"ఏమైంది పిలగా కాలుకి?"

"నరం తెగింది తాతా. ఆపరేషన్ చేసిండ్రు."

"ఎన్ని దినాలాయె?"

"మూడు నెల్లు దాటింది. ఇంక ఉరకొస్తలేదు."

ఆయన గాలం తీసి ఎర మార్చుకుంటూ అన్నాడు, "మా ఊర్ల కుంటకు గండి వడితే పూడ్చినం ఒకపారి. పూడ్చిన తెల్లారే నీళ్లు నింపుతరా? మట్టి కూసోవాలె. ఒక వానకాలం ఇడిసిపెట్టినం. తొందరవడ్డోళ్ల కట్ట మళ్ల అక్కడ్నే తెగుతది." తర్వాత బీడీ ముట్టించి నా వైపు చూడనే లేదు. ఫిజియో మేడం ఇదే సంగతి నాకు మూడు పేపర్ల మీద రాసిచ్చింది.

ఆవిడ ఇచ్చిన ఎక్సర్‌సైజులు చూస్తే నవ్వొస్తుంది. కాలివేళ్లతో నేల మీద టవల్ ముడుచుకోవడం. కుర్చీలో కూర్చుని మోకాలి మీద బరువు పెట్టుకుని మడమ లేపడం. జిమ్ లేదు కాబట్టి ఐదు కిలోల బియ్యం సంచి, తర్వాత పది. తర్వాత గోడ పట్టుకుని రెండు కాళ్ల మీద మడమలు లేపి మెల్లగా దించడం. చివరి పరీక్ష ఒక్క కాలి మీద మడమ లేపడం. ఇదే అసలు గేటు. ఒక్క కాలి మీద లేవలేనివాడు పరుగు గురించి మాట్లాడొద్దంది. వారానికోసారి అమ్మ కుట్టుమిషన్ టేపుతో పిక్కలు కొలిచేది. జూన్‌లో ఎడమది 37 సెంటీమీటర్లు, కుడిది 33. అమ్మ ఆ అంకెల్ని క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రాసేది.

జూన్, జూలై, ఆగస్టు. చెప్పుకోవడానికి ఏమీ లేదు. గోడ, బియ్యం సంచి, కట్ట. కుడి మడమ ఒక్క అంగుళం కూడా లేవదు. మెదడు లెమ్మంటుంది, ఒళ్లంతా వణుకుతుంది, మడమ మాత్రం నేలకి మేకు కొట్టినట్టే ఉంటుంది. సాగిపోయిందేమో అన్న భయం రోజూ ఉండేది. షాపులో పని పోయింది. గ్రౌండ్ ఫ్రెండ్స్ స్టాప్‌వాచ్ స్క్రీన్‌షాట్లు పెడుతుంటే గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టాను. ఈ భాగం ఎవరూ రీల్స్‌లో చూపించరు, చూపించడానికేముంది.

సద్దుల బతుకమ్మ రోజు అమ్మ బతుకమ్మ పెద్దగా పేర్చింది. తంగేడు, గునుగు, బంతి. ప్రతి ఏడాదీ చెరువు దాకా మోసేది నేనే. "ఈసారి వద్దు తీయ్" అంది. నేను తలకెత్తుకున్నాను. దారి పొడవునా ఏమీ కాలేదు. కట్ట మీంచి నీళ్ల దగ్గరికి దిగే చోట ఆగిపోయాను. అక్కడంతా రాళ్లు పరిచిన ఏటవాలు. తడి. చుట్టూ పాటలు, జనం, చీకటి. కిందికి దిగేటప్పుడు మన బరువంతా ఆపేది పిక్క, దాని తాడూ. పక్కకి తిరిగి, ఒక్కో రాయి మీద ఎడమ పాదం ముందు పెట్టి, కుడిదాన్ని తెచ్చి పక్కన పెడుతూ దిగాను. వెనక ఆడవాళ్లు "జల్ది దిగు బిడ్డా" అంటున్నారు. నేను దిగలేదు, అంటే తొందరగా దిగలేదు. ఏడు నెలల్లో నేను నేర్చుకున్నది అదొక్కటే. బతుకమ్మని అమ్మ చేతుల్లో పెట్టాక చూసుకుంటే చెమటకి చొక్కా తడిసిపోయింది.

మర్నాడు పొద్దున వంటింట్లో, గ్యాస్ గట్టు పట్టుకుని, మామూలుగా రోజూ చేసినట్టే లేపి చూశాను. లేచింది. ఓ వేలెడంత. దించాను. మళ్లీ లేచింది. మూడోసారి లేవలేదు.

"అమ్మా" అని పిలిస్తే ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. మళ్లీ చూపించబోతే లేవలేదు. "లేచింది, నిజంగ లేచింది" అన్నాను. "సరే తీయ్, చాయ్ తాగు" అంది. కానీ క్యాలెండర్ మీద ఆ తారీకు చుట్టూ గీత గీసింది, తర్వాత చూశాను.

నవంబర్‌కి పదిసార్లు లేచింది. అప్పుడు నడక మధ్యలో అరనిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. వేప చెట్టు, తెల్ల రాయి. వేప చెట్టు, తెల్ల రాయి. తాత చలికి రావడం మానేశాడు.

ఇబ్రహీంపట్నం వస్తే ఏం చూడాలని అడిగితే నా దగ్గర పెద్ద లిస్టు లేదు. పొద్దున ఆరుకల్లా కట్ట ఎక్కండి. చలికాలం అయితే మంచిది. ఎండెక్కేలోపు దిగి బస్టాండ్ దగ్గర చాయ్ తాగండి. వానాకాలం చివర్లో వస్తే రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు పెడతారు, బేరమాడితే తగ్గిస్తారు. రాళ్ల వైపు దిగేటప్పుడు మాత్రం చూసుకోండి, నాచు ఉంటుంది.

డిసెంబర్ రెండో వారంలో మొదటిసారి ఆగకుండా 1600 మీటర్లు ఉరికాను. 400 మీటర్ల ముక్క మీద రెండుసార్లు పోవడం, రెండుసార్లు రావడం. నాయిన ఫోన్ పట్టుకుని వేప చెట్టు దగ్గర నిలబడ్డాడు. స్టాప్‌వాచ్ ఎక్కడ నొక్కాలో మూడుసార్లు చూపించాను. చివరి ముక్కలో కుడి పిక్క బండలా అయిపోయింది, కానీ వెనకనుంచి నెట్టింది. నిజంగా నెట్టింది. చెట్టు దాటి వంగి మోకాళ్లు పట్టుకున్నాను.

"ఎంత?"

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "తొమ్మిది నిమిషాల యాభై రెండు."

ఇంకా 2 నిమిషాల 37 సెకన్లు తగ్గాలి. లాంగ్ జంప్ పలక దగ్గరికి ఇంకా పోలేదు. పోవడానికి ఫిజియో మేడం ఇంకో రెండు నెలలు ఆగమంది, ఆగుతాను. నాయిన ఫోన్ నా చేతికిస్తూ "రేపు గూడ వస్తవా?" అన్నాడు.

"రేపు రెస్ట్. ఎల్లుండి" అన్నాను.